డ్యాష్‌బోర్డు అంటే చీర అంచు కాదు

పాత పట్టుచీర చిరిగిపోతే దాని అంచు విప్పి కొత్త బట్టకు వేసుకోవడం మన ఇళ్ళల్లో కొత్తేమీ కాదు. అమ్మమ్మ చీర జరీ అంచు మనవరాలి పరికిణీకి చేరుతుంది. చూసినవాళ్ళు "ఎక్కడ కొన్నారండీ?" అని ముచ్చటపడతారు. అందులో వచ్చే చిక్కూ లేదు, ప్రమాదమూ లేదు. కుట్టు ఊడితే మళ్ళీ కుట్టుకుంటాం, అంతే.

ఈ మధ్య కొందరు మగవాళ్ళు ఇదే పని కార్లకు చేయిస్తున్నారు. ఒక మోడల్ కారులోని డ్యాష్‌బోర్డు ఊడదీసి, ఇంకో మోడల్ కారుకు బిగిస్తున్నారు. చీర అంచు మార్చినంత తేలిగ్గా "అదెంతపని, రెండు రోజుల్లో అయిపోతుంది" అంటున్నారు. "కారు గొడవ మనకెందుకమ్మా, అది వాళ్ళ వ్యవహారం" అని పేజీ తిప్పేయకండి. ఇది ముమ్మాటికీ మన వ్యవహారమే. ఎందుకో చెబుతాను.

కంపెనీవాళ్ళు ఒకే కారును మూడు నాలుగు రకాలుగా అమ్ముతారు. ఇంజనొకటే, పైన రేకొకటే. కింది రకంలో ముందు భాగం ఉత్త నల్ల ప్లాస్టిక్. పై రకంలో రెండు రంగులు, వెండిగీతలు, పెద్ద తెర, మెరిసే మీటర్లు. రెండింటి మధ్యా ధర తేడా లక్షో, అంతకు పైనో ఉంటుంది. మధ్యతరగతి మనిషి ఏం చేస్తాడు? కింది రకం కొంటాడు. లేదంటే సెకండ్ హ్యాండ్‌లో పాతది కొంటాడు. కొన్నాక పక్కింటివాళ్ళ కారులోకి తొంగి చూస్తాడు. మనసు ఊరుకోదు. ఎక్కడో గుద్దుకుని తుక్కయిపోయిన పై రకం కారు డ్యాష్‌బోర్డు సగం ధరకు వస్తోందంటే ఎగిరి గంతేస్తాడు. అలాంటి పాత సామానుకు ఢిల్లీలో మాయాపురి, చెన్నైలో పుదుపేట పెట్టింది పేరు. బిగించడానికి మన ఊళ్ళో పనిమంతులకు కొదవ లేదు. కొందరైతే ఒకే కారులో పై రకంతో తృప్తిపడక, వేరే మోడల్ కారుదే తెచ్చి కోసి, అతికించి, స్క్రూలు బిగించి పెట్టేస్తారు.

అంత సరదాపడితే తప్పేముంది అంటారా? సరదాను నేను తప్పుపట్టను. ఆడవాళ్ళం గాజులు మార్చినట్టు, మగవాళ్ళకు ఆ బండి మీద ఓ మోజు. పదేళ్ళు స్కూటరు మీద నలుగురూ ఇరుక్కుని తిరిగిన మనిషి, నాలుగు డబ్బులు కూడబెట్టి కారు కొన్నప్పుడు అది కాస్త కళగా ఉండాలనుకోవడం సహజమే. నా అభ్యంతరమల్లా ఒక్కటే. డ్యాష్‌బోర్డును అలంకారం అనుకుంటున్నారు. అది అలంకారం కాదు.

అసలు ఆ మాటకు పుట్టుకే వేరు. కార్లు రాకముందు గుర్రపు బళ్ళలో తోలేవాడి ముందు ఓ చెక్క అడ్డంగా ఉండేది. గుర్రం డెక్కలు చిమ్మే బురద, రాళ్ళు మనుషుల మీద పడకుండా అది కాపుకాసేది. దాన్నే డ్యాష్‌బోర్డు అన్నారు. అంటే పుట్టినప్పుడే దాని ఉద్యోగం మనిషిని కాపాడటం. కార్లొచ్చాక ఆ సంగతి మర్చిపోయారు. ఇనప రేకు, దానికి పొడుచుకొచ్చిన బొత్తాలు పెట్టారు. 1930ల్లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో క్లెయిర్ స్ట్రెయిత్ అనే ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. కారు గుద్దుకున్నప్పుడు ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్ళ ముఖాలు ఆ రేకుకూ, బొత్తాలకూ కొట్టుకుని ఛిద్రమైపోవడం చూసి చూసి, ఆ డాక్టరు కార్ల కంపెనీల వెంటపడ్డాడు. డ్యాష్‌బోర్డుకు మెత్త వేయండి, బొత్తాలను లోపలికి దించండి అని పోరాడాడు. 1937లో క్రైస్లర్ కంపెనీ తన కార్లలో బొత్తాలను లోపలికి దించింది. ఆ మెత్తదనం వెనక ఎన్ని ముఖాల కథ ఉందో చూశారా?

ఇవాళ్టి డ్యాష్‌బోర్డు మూత తీసి చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ చివర నుంచి ఈ చివరకు ఒక ఉక్కు దూలం ఉంటుంది. స్టీరింగును మోసేది అదే. దాని చుట్టూ ఏసీ గాలి గొట్టాలు, బ్లోయరు, జడంత లావున వైర్ల కట్టలు. ముందు మీటర్లు. ఎడమవైపు, అంటే మన ముందు, మడతపెట్టిన ఎయిర్‌బ్యాగు. ఈ వస్తువులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. ఏ కారుకు తగ్గ భాష ఆ కారుకు ఉంటుంది. పరాయి కారు డ్యాష్‌బోర్డు తెచ్చి పెడితే ఒకరు తెలుగు, ఒకరు జపాను భాష మాట్లాడినట్టు ఉంటుంది సంసారం.

ముందు మీటర్ల సంగతి చూద్దాం. పాత మారుతి 800 రోజుల్లో గేరుబాక్సు నుంచి మీటరుకు ఒక కేబుల్ తిరుగుతూ వచ్చేది. వేరే బండి మీటరు తెచ్చి పెడితే పళ్ళ లెక్క కుదరక, యాభైలో వెళుతుంటే నలభయ్యే చూపించవచ్చు. ఇప్పటి కార్లలో కేబుల్ లేదు, అంతా ఎలక్ట్రానిక్. పెట్రోలు ట్యాంకులో తేలే బెండు ఒకటి ఉంటుంది. అది పైకీ కిందికీ కదిలినకొద్దీ విద్యుత్తులో మార్పు వస్తుంది. ఆ మార్పును చూసి ముల్లు కదులుతుంది. ఈ లెక్క ప్రతి మోడలుకూ ఒకేలా ఉండదు. మీటరొక కారుది, ట్యాంకొక కారుది అయితే ముల్లు అబద్ధం చెబుతుంది.

మా పిన్ని కూతురి ఇంట్లో అదే జరిగింది. చీటీ పాడుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. కింది రకం. మా మరిది ఆర్నెల్లు తిరక్కుండానే దానికి పై మోడల్ డ్యాష్‌బోర్డు వేయించాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరినీ పిలిచి మరీ చూపించాడు. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. ఓ ఎండాకాలం పిల్లలిద్దరినీ తీసుకుని విజయవాడ నుంచి హైదరాబాదు బయల్దేరారు. మీటరులో పావు ట్యాంకు పెట్రోలు చూపిస్తోంది. ఇంకేం, నార్కట్‌పల్లిలో పోయించుకుందాంలే అనుకున్నారు. నకిరేకల్ దాటి కాస్త దూరం పోగానే బండి ఆగిపోయింది. చుక్క పెట్రోలు లేదు. ముల్లు మాత్రం పావు దగ్గర ధీమాగా నిలబడి ఉంది! ఆయన ఆటో పట్టుకుని పెట్రోలు కోసం వెళితే, మిట్టమధ్యాహ్నం హైవే పక్కన లారీల హోరులో చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని, పెద్దవాణ్ణి రోడ్డు మీదికి పోకుండా పట్టుకుని ఆ పిల్ల గంటన్నర కూర్చుంది.

అంతటితో అయిపోతే అదో తమాషా కబురు అయ్యేది. తర్వాత సర్వీసింగుకు ఇచ్చినప్పుడు ఓ తెలిసిన మెకానిక్ ఎడమవైపు మూత తెరిచి చూపించాడట. పైన ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు చక్కగా ఉన్నాయి. లోపల ఖాళీ. తుక్కు కారు గుద్దుకున్నప్పుడే ఆ బ్యాగు పేలిపోయింది. కొత్త మూత వేసి అమ్మారు. "ఆ అక్షరాలు చూసుకుని ధైర్యంగా కూర్చున్నానక్కా. పాపాయిని ఒళ్ళో పెట్టుకుని మరీ కూర్చున్నాను" అంది నాతో. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఆ మాటే.

ఎవరు కూర్చుంటారండీ ఆ సీట్లో? డ్యాష్‌బోర్డు మార్చాలని ముచ్చటపడింది కుడివైపు కూర్చున్నాయన. మీటర్లు చూసుకుని మురిసేదీ ఆయనే. ఆయన బ్యాగు స్టీరింగులో వేరే ఉంటుంది. డ్యాష్‌బోర్డులో ఉండే బ్యాగు ఎడమవైపు మనిషిది. మన ఇళ్ళల్లో ఆ సీటు భార్యదో, తల్లిదో. చాలాసార్లు ఒళ్ళో ఓ పసిబిడ్డ కూడా. సరదా ఒకరిది, అపాయం ఇంకొకరిది. ఆ ఇంకొకరిని ఒక్క మాటైనా అడిగారా? డబ్బు మాత్రం ఇంటి డబ్బే. పిల్లల ఫీజుకు దాచిందో, గ్యాసు సిలిండరు దగ్గర మిగిల్చిందో అందులో కలిసే ఉంటుంది.

ఎయిర్‌బ్యాగు గురించి రెండు మాటలు తెలుసుకుంటే మంచిది. కారు దేనికైనా బలంగా గుద్దుకోగానే సెన్సారు కనిపెడుతుంది. కంప్యూటరు పెట్టె ఆజ్ఞ ఇస్తుంది. చిన్న మందు పేలి, పుట్టిన వాయువుతో సంచి ఉబ్బుతుంది. ఇదంతా సెకనులో ఇరవయ్యో వంతు లోపలే జరిగిపోతుంది. మనం కన్ను మూసి తెరిచేలోగా అన్నమాట. ఏ క్షణంలో ఉబ్బాలన్నది ఆ కారు ముందు భాగం ఎలా నలుగుతుందో పరీక్షించి నిర్ణయిస్తారు. వేరే మోడల్ బ్యాగును తెచ్చి పెడితే ఆ లెక్కంతా తారుమారు. కాస్త ముందు పేలినా, కాస్త ఆలస్యంగా పేలినా రక్షించాల్సిందే దెబ్బ కొడుతుంది. వైరు కలపకపోతే అసలు పేలనే పేలదు. సరిగ్గా తెలియనివాళ్ళు ఊడదీసేటప్పుడు చేతిలోనే పేలినా పేలవచ్చు. అది దీపావళి టపాకాయ లాంటిదే మరి.

"బ్యాగు లేకపోతే ఏమవుతుందిలే, ఇన్నాళ్ళూ అవి ఉన్నాయా ఏం?" అనేవాళ్ళున్నారు. నిజమే, మారుతి 800లో, అంబాసిడరులో ఇవేమీ ఎరక్కుండా తిరిగాం. కానీ 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో బాగా అమ్ముడవుతున్న ఐదు చిన్న కార్ల కింది రకాలను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఐదింటికి ఐదూ పెద్దవాళ్ళ రక్షణలో సున్నా నక్షత్రాలు తెచ్చుకున్నాయి. వాటిలో ఒకటైన పోలో కారును రెండు ఎయిర్‌బ్యాగులతో మళ్ళీ పరీక్షించారు. అదే కారుకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. ఒకే కారు, ఒకే రేకు. రెండు సంచులతో సున్నా నుంచి నాలుగుకు వెళ్ళింది. ఇంతకంటే వేరే రుజువు కావాలా?

ఆడవాళ్ళ విషయంలో ఇంకో సంగతి ఉంది. కార్ల పరీక్షల్లో చాలా ఏళ్ళపాటు కూర్చోబెట్టిన బొమ్మ సగటు మగవాడి బొమ్మ. మన ఎత్తు, మన బరువు, మన మెడ దానికి లేవు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంవారు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, బెల్టు పెట్టుకున్న ఆడ డ్రైవర్లు తీవ్రంగా గాయపడే అవకాశం బెల్టు పెట్టుకున్న మగ డ్రైవర్ల కంటే 47 శాతం ఎక్కువని తేలింది. 1990ల్లో అదే దేశంలో మొదటి తరం ఎయిర్‌బ్యాగులు మరీ బలంగా పేలి కొందరు పసిపిల్లలు, పొట్టిగా ఉన్న ఆడవాళ్ళు చనిపోయారు. ఆ తర్వాతే బ్యాగుల జోరు తగ్గించారు. గుండెకూ, స్టీరింగు నడిమి భాగానికీ మధ్య కనీసం 10 అంగుళాల దూరం ఉండాలని డ్రైవర్లకు చెప్పడం మొదలుపెట్టారు. ఆ ఎడమ సీటు కోసం అంత లెక్క కట్టి, అన్ని ప్రాణాలు పోయాక సరిదిద్దిన వస్తువును, మనం ఓ సాయంత్రం షెడ్డులో స్క్రూడ్రైవరుతో మార్చేస్తున్నాం.

ఇక్కడే పసిపిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. ఏమాటకామాటే, ఇది డ్యాష్‌బోర్డు మార్చని కార్లకూ వర్తిస్తుంది. ముందు సీట్లో బిడ్డను ఒళ్ళో పెట్టుకోవద్దు. బ్యాగు లేకపోతే బిడ్డ డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంటుంది. ఉంటే, పేలిన బ్యాగుకూ మన ఒంటికీ మధ్య బిడ్డ నలిగిపోతుంది. రెండూ ప్రమాదమే. "గట్టిగా పట్టుకుంటాను కదా" అనుకుంటాం. ఆ వేగంలో ఏ తల్లి చేతులకూ అంత బలం ఉండదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టుగానీ, పిల్లల సీటుగానీ లేకుండా తీసుకెళితే వెయ్యి రూపాయల జరిమానా అని చేర్చారు. జరిమానాకు భయపడి కాదు, బిడ్డ కోసమైనా వెనక సీట్లో కూర్చోబెట్టి, వయసుకు తగ్గ పిల్లల సీటు కొనండి. డ్యాష్‌బోర్డుకు పెట్టే డబ్బులో ఆ సీటు వచ్చేస్తుంది.

పాత బ్యాగుల మీద ఇంకో అనుమానం కూడా పెట్టుకోవాలి. జపానుకు చెందిన తకాటా అనే కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల్లోని మందు ఏళ్ళు గడిచేకొద్దీ వేడికీ, గాలిలో తేమకూ పాడై, పేలినప్పుడు లోహపు ముక్కలు చిమ్మేది. మనుషులు చనిపోయారు. ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. మన దేశంలోనూ పిలిచారు. 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. తుక్కు బజారులో దొరికే పాత డ్యాష్‌బోర్డులో ఏ కాలం నాటి, ఏ కంపెనీ బ్యాగు ఉందో ఎవరు చెప్పగలరు? అదీ మన కోస్తా ఉక్కపోతలో ఎన్నేళ్ళు నానిందో!

ఇక వైర్ల సంగతి. రెండు కార్ల వైర్లు కలవకపోతే కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుడతారు. వదులుగా ఉన్న జాయింటు వేడెక్కుతుంది. ఇంట్లో ప్లగ్గు వదులైతే మాడిన వాసన రావడం మనకు అనుభవమే కదా. కారులో ఆ వాసన వచ్చేసరికి ఆలస్యమైపోవచ్చు.

చట్టం ఏమంటోంది? 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో, చట్టం ఒప్పుకోని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ అని పెట్టారు. ఉత్త ప్లాస్టిక్ మూత మార్చినంత మాత్రాన ఎవరూ వచ్చి పట్టుకోకపోవచ్చు. కానీ చట్టం తప్పనిసరి చేసిన బ్యాగును తీసేయడం ఆ కోవలోకి రాదని ఎవరూ భరోసా ఇవ్వలేరు. దానికితోడు ఇన్సూరెన్సు ఉంది. చెప్పకుండా మార్పులు చేయించారని తెలిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ఆస్పత్రిలో ఒకరు, ఇన్సూరెన్సు ఆఫీసు చుట్టూ ఒకరు తిరగాల్సిన గతి మన శత్రువులకు కూడా వద్దు.

డ్యాష్‌బోర్డు మార్పుతో సాగే మోసం ఇంకొకటుంది. ఇది పాత కారు కొనే ప్రతి ఇల్లాలూ తెలుసుకోవాలి. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క చాలా కార్లలో మీటరు పెట్టెలోనే దాగి ఉంటుంది. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన కారుకు, ముప్పై వేలే తిరిగిన తుక్కు కారు మీటరు పెడితే ఏమవుతుంది? ముసలమ్మకు సవరం పెట్టి పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టే. మనం ముప్పై వేలని నమ్మి ఎక్కువ డబ్బు పోసేస్తాం. తర్వాత మరమ్మతులకు ఇంకా పోస్తాం.

ఇంతా చెప్పి, న్యాయంగా అవతలి పక్షం కూడా చెప్పాలి. డ్యాష్‌బోర్డు మార్చడమే పాపమని నేను అనడం లేదు. ఎండకు పగిలిపోతుంది, యాక్సిడెంటులో విరిగిపోతుంది. కొన్ని మోడళ్ళు తయారవడమే ఆగిపోయాయి. మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అలాంటి బండిని ప్రేమగా చూసుకునేవాళ్ళు సామాను దొరక్క పాత దాన్ని తెచ్చుకుంటారు. బ్యాగులే లేని ఆ పాత బండికి, అదే మోడలుది, అదే రకంది తెచ్చి, తెలిసినవాళ్ళ చేత బిగించుకుంటే తప్పులేదు. ఒక వస్తువును పారేయకుండా ఇంకోచోట వాడుకునే పొదుపు మన రక్తంలోనే ఉంది. దాన్ని కాదనడానికి నేనెవర్ని?

మెకానిక్కుల్ని కూడా ఆడిపోసుకోను. విజయవాడ ఆటోనగర్‌లోనో, మన ఊరి షెడ్డులోనో పనిచేసే కుర్రాళ్ళ చేతుల్లో ఉన్న విద్య ఇంజనీరింగు కాలేజీల్లో కూడా దొరకదు. కానీ వాళ్ళు అడిగిన పనే చేస్తారు. "అందంగా కనబడాలి" అంటే అందంగా చేసిపెడతారు. "మా ఆవిడ ముందున్న బ్యాగు పనిచేయాలి" అని అడిగేవాడు ఉంటే వాళ్ళూ ఆలోచిస్తారు. మంచి మెకానిక్ అయితే "వద్దండీ, ఇది కుదరదు" అని ముఖం మీదే చెబుతాడు.

అసలు దోషం కంపెనీల దగ్గర మొదలైంది. ఏళ్ళ తరబడి ప్రాణం కాపాడే బ్యాగును పాటల పెట్టెతో, వెండిగీతలతో కలిపి పై రకంలోనే పెట్టి అమ్మారు. డబ్బున్నవాళ్ళ ప్రాణం ఒక ధర, లేనివాళ్ళది ఒక ధర అన్నట్టు. డ్రైవరు బ్యాగు అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయింది 2019 జులై నుంచి. పక్క సీటు బ్యాగు కొత్తగా వచ్చే మోడళ్ళకు 2021 ఏప్రిల్ నుంచి. అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్ళకు ఆ గడువును మరీ 2021 డిసెంబరు 31 దాకా పొడిగించారు. అంటే కుడి సీటు తర్వాత రెండేళ్ళకు పైగా ఎడమ సీటు వేచి ఉందన్నమాట! ఇంట్లో వడ్డనలోనే కాదు, ఇక్కడా మన వంతు ఆఖరే. ఆ తేదీలకు ముందు తయారైన కార్లే ఇవాళ సెకండ్ హ్యాండ్ బజారులో మన అందుబాటు ధరలో దొరికేవి. అందుకే ఆ కార్లు కొనేవాళ్ళం మరింత కళ్ళు తెరుచుకుని ఉండాలి.

మనం చేయగలిగింది ఏమిటి? పెద్ద చదువులేమీ అక్కర్లేదు. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్కు చూస్తాం, బియ్యం కొనేటప్పుడు నోట్లో వేసుకుని చూస్తాం. కారుకూ అంతే.

తాళం తిప్పగానే మీటర్లలో దీపాలన్నీ వెలుగుతాయి. అందులో కూర్చున్న మనిషి, ముందు గుండ్రటి బంతి బొమ్మ ఉన్న దీపం ఎయిర్‌బ్యాగుది. అది కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూ ఉంటే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానించాలి. ఎవరో ఆ దీపాన్నే తీసేసి ఉండవచ్చు. దీపం సరిగ్గా వెలిగి ఆరినా పూర్తిగా నమ్మేయకండి, లేని బ్యాగు ఉన్నట్టు కారును నమ్మించే చిన్న ముక్క పెట్టేవాళ్ళూ ఉన్నారు. పాత కారు కొనేముందు కంపెనీ సర్వీసు సెంటరులో కంప్యూటరు పెట్టించి చూపించుకోండి. సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్లకూ, మీటరులో ఉన్నదానికీ పొంతన ఉందా చూడండి. ముప్పై వేలే తిరిగిందంటున్న కారు బ్రేకు పెడలు రబ్బరు అరిగి నున్నగా ఉంటే, స్టీరింగు తోలు మెరుగెక్కి ఉంటే, గోళ్ళు కొరికే పని మానేసి గట్టిగా అడగండి. డ్యాష్‌బోర్డు అంచుల దగ్గర ఖాళీలు, రంగు తేడాలు, కొత్త స్క్రూలు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. చీర నేత చూసే కళ్ళు మనవి, ఇది పట్టలేమా?

బెల్టు మాత్రం మర్చిపోకండి. బ్యాగు బెల్టుకు తోడుగా ఉండటానికి పుట్టిందే కానీ బెల్టుకు బదులు కాదు. చీర నలుగుతుందని బెల్టు మానేసేవాళ్ళను చూశాను. చీర ఇస్త్రీ చేయించుకోవచ్చు.

ఇంట్లో ఆయనో, కొడుకో "డ్యాష్‌బోర్డు మార్పిద్దాం" అన్నప్పుడు వెంటనే పోట్లాటకు దిగకండి. మూడు ప్రశ్నలు వేయండి. ఎడమవైపు బ్యాగు ఉంటుందా, పనిచేస్తుందా? మీటర్లు ఈ కారు లెక్క ప్రకారమే చూపిస్తాయా? ఇన్సూరెన్సువాళ్ళకు రాసి ఇస్తారా? మూడింటికీ మెకానిక్ కాగితం మీద జవాబు రాసి సంతకం పెడితే అప్పుడు ఆలోచించవచ్చు. సంతకం పెట్టనంటే, మీ జవాబు మీకు దొరికినట్టే. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించమనండి, పిల్లల సీటు కొనమనండి, బ్రేకులు చూపించమనండి. అంతగా అందం కావాలంటే డ్యాష్‌బోర్డు మీద ఓ చిన్న వినాయకుడి బొమ్మ పెట్టుకుందాం. అదీ బ్యాగు మూతకు అడ్డం రాకుండా, పక్కకు!

"నీకేం తెలుసు కార్ల గురించి?" అన్న మాట వస్తుంది. రానివ్వండి. డ్రైవింగు రాకపోయినా సరే, ఆ సీట్లో కూర్చునేది మనం. కూర్చునే మనిషికి అడిగే హక్కు ఉంది. ఈసారి కారెక్కినప్పుడు తాళం తిప్పగానే ఆ చిన్న ఎర్ర దీపం వైపు ఒక్కసారి చూడండి. వెలిగిందా, ఆరిందా? చూసి, ఇంట్లోవాళ్ళ చేత కూడా చూపించండి. మొదలు అక్కడి నుంచే.